వేసవి సెలవుల్లో హైస్కూలు విద్యార్థులకు ఉపాధ్యాయ వృత్తిని పరిచయం చేయడం ఎలా?

ఏటా మార్చిలో ఒంటిపూట బడులు మొదలవగానే హైస్కూలు ఉపాధ్యాయులు, గ్రంథాలయ నిర్వాహకులు, ఊళ్లోని యువజన సంఘాల వారు దాదాపు ఒకే ప్రశ్న అడుగుతూ ఉంటారు. తొమ్మిది, పది తరగతులు పూర్తిచేసిన పిల్లల్లో కొందరికి పాఠం చెప్పాలన్న ఆసక్తి కనిపిస్తోంది, ఈ ఎండాకాలంలో వారికి ఆ వృత్తిని నిజంగా పరిచయం చేయాలంటే ఏం చేయాలి అన్నది ఆ ప్రశ్న. ఈ వ్యాసం వారి కోసమే. ఒక ఊళ్లో, ఒక పాఠశాలలో, ఇద్దరు పెద్దలు, పన్నెండు మంది విద్యార్థులు కలిసి నడుపుకోగలిగిన మూడు వారాల కార్యక్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

మన పాఠశాలల్లో స్వపరిపాలన దినం అనే మంచి ఆచారం ఉంది. ఆ రోజు పదో తరగతి అమ్మాయిలు చీర కట్టుకొని, అబ్బాయిలు ఇస్త్రీ చొక్కాలు వేసుకొని వచ్చి తరగతికొక పాఠం చెబుతారు. అది ఆనందించదగిన రోజే కానీ, ముందుగా కంఠస్థం చేసిన పాఠాన్ని ఒప్పజెప్పి వెళ్లిన విద్యార్థికి బోధన అంటే ఏమిటో తెలిసే అవకాశం అందులో లేదు. చెప్పింది అర్థం కాని పిల్ల ఎదురుగా కూర్చున్నప్పుడు, ఆ పిల్లకు ఎక్కడ అర్థం కాలేదో కనిపెట్టి మరుసటి రోజు మరో విధంగా చెప్పి చూసినప్పుడే ఈ వృత్తి తనకు సరిపడుతుందో లేదో ఒక విద్యార్థి తేల్చుకోగలడు. కింద చెప్పిన ప్రతి మెట్టూ ఆ అనుభవాన్ని కలిగించడానికే ఉద్దేశించినది.

ముందుగా సమకూర్చుకోవలసినవి

మనుషుల విషయానికి వస్తే, బోధనలో అనుభవం ఉన్న ఇద్దరు పెద్దలు (వారిలో ఒకరైనా ప్రాథమిక తరగతులకు చెప్పినవారై ఉండాలి), తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ వరకు చదువుతున్న పన్నెండు మంది విద్యార్థులు, మూడు నుంచి ఐదు తరగతుల మధ్య ఉన్న ముప్పై ఆరు మంది పిల్లలు కావాలి. ఇద్దరు విద్యార్థులకు ఆరుగురు పిల్లల చొప్పున ఆరు జట్లు అవుతాయి. పిల్లలు ఇంతకంటే ఎక్కువమంది వస్తామన్నా ఒప్పుకోవద్దు. జట్టులో పదిమంది చేరితే కొత్తగా చెప్పేవారి దృష్టి మొత్తం అల్లరి ఆపడం మీదికే పోతుంది.

సామగ్రికి పెద్ద ఖర్చు అక్కరలేదు. పాత శుభలేఖల వెనుక వైపు, పాత క్యాలెండర్ల అట్టలు అక్షరాల కార్డులకు సరిపోతాయి. లెక్కల కోసం పదేసి చొప్పున రబ్బరు బ్యాండుతో కట్టిన చీపురు పుల్లలు, చింతపిక్కలు చాలు. జట్టుకొక చిన్న నల్లబల్ల లేదా పిల్లలందరికీ పలకలు ఉండాలి. కథల కోసం ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగా దొరుకుతాయి. పాఠశాలలోని పాత వాచకాలు కూడా పనికివస్తాయి. ప్రతి విద్యార్థికీ ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం ఇవ్వండి. మొత్తం కార్యక్రమంలో అన్నిటికన్నా విలువైన వస్తువు అదే.

1. కాలం, స్థలం, అనుమతి ఖాయం చేసుకోండి

మన రెండు రాష్ట్రాల్లో సాధారణంగా ఏప్రిల్ 24 ప్రాంతంలో మొదలయ్యే వేసవి సెలవులు జూన్ 11 వరకు ఉంటాయి. సెలవులు మొదలైన వారంలోనే విద్యార్థుల శిక్షణ పూర్తిచేసి, ఆ వెంటనే మూడు వారాల బోధన జరిగేలా చూసుకుంటే మే చివరి వారపు ఎండలకు ముందే కార్యక్రమం ముగుస్తుంది. సమయం ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర వరకే ఉండాలి. పిల్లలు ఇంటికి వెళ్లాక విద్యార్థులు మరో నలభై ఐదు నిమిషాలు ఉంటారు. పదిన్నరకల్లా అందరూ ఇళ్లకు చేరాలి. తాగునీరు, మజ్జిగ, ఓఆర్ఎస్ పొట్లాలు సిద్ధంగా ఉంచుకోండి.

సెలవుల్లో తరగతులు నడపకూడదని విద్యాశాఖ ఆదేశాలు ఇస్తూ ఉంటుంది కాబట్టి ప్రభుత్వ పాఠశాల ఆవరణ వాడుకోదలిస్తే ప్రధానోపాధ్యాయుని, మండల విద్యాధికారిని ముందుగా కలిసి, ఇది సిలబస్ తరగతి కాదనీ, రుసుము లేని స్వచ్ఛంద శిబిరమనీ లిఖితపూర్వకంగా తెలిపి, అనుమతిని కూడా లిఖితపూర్వకంగానే తీసుకోండి. అది వీలుకాకపోతే శాఖా గ్రంథాలయాన్ని అడగండి. వేసవి శిబిరాలు నడపడం గ్రంథాలయాలకు అలవాటైన పనే. పంచాయతీ భవనం, గుడి మండపం, చర్చి హాలు కూడా పనికివస్తాయి. అయితే ఊళ్లోని అన్ని కులాల, మతాల పిల్లలు సంకోచం లేకుండా వచ్చి కూర్చోగలిగిన చోటేనా అని ముందే ఆలోచించండి. పిల్లలు రాకపోతే కారణం మనకెవరూ చెప్పరు, మెల్లగా సంఖ్య తగ్గిపోతుంది, అంతే.

2. విద్యార్థులను ఎంపిక చేయండి

చాలామంది నిర్వాహకులు తరగతిలో మొదటి పది ర్యాంకుల వారిని పిలిచేస్తారు. అది సరికాదు. ఎప్పుడూ సులభంగా నేర్చుకున్న విద్యార్థికి, ఎదుటివారికి ఎందుకు రావడం లేదో ఊహించడం కష్టం. మధ్యస్థంగా చదివేవారిలో, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇంట్లో చెబుతున్నవారిలో మంచి ఉపాధ్యాయులయ్యే పిల్లలు తరచుగా కనిపిస్తారు. మార్కులు అడగకుండా, "నీకు చాలాకాలం అర్థం కాక, తరువాత అర్థమైన విషయం ఒకటి చెప్పు, అది ఎలా అర్థమైంది?" అని అడిగి ఒక పేజీ రాయించండి. సమాధానంలో వివరం ఉన్నవారిని, అంటే ఎక్కడ ఆగిపోయారో, ఎవరు ఏ మాట అన్నప్పుడు తెలిసిందో చెప్పగలిగినవారిని తీసుకోండి.

అబ్బాయిలను కావాలని పిలవండి. ప్రాథమిక తరగతులకు చెప్పడం ఆడవారి పని అన్న భావన వారిని వెనక్కి లాగుతుంది. ఆసక్తి లేకపోయినా ధ్రువపత్రం కోసం తల్లిదండ్రులు పంపించేవారిని మాత్రం మర్యాదగా వద్దనండి. ఎంపికైన ప్రతి విద్యార్థి ఇంటి నుంచి, అలాగే వచ్చే ప్రతి పిల్ల ఇంటి నుంచి సంతకంతో అంగీకార పత్రం తీసుకోవాలి. ఆ సందర్భంలోనే, "ఈ మూడు వారాల్లో అమ్మమ్మగారి ఊరికి గానీ పెళ్లిళ్లకు గానీ వెళ్తున్నారా?" అని అడిగి తెలుసుకోండి. సగంలో వెళ్లిపోయే పిల్లల వల్ల జట్లు చెదిరిపోతాయి.

3. నాలుగు రోజుల శిక్షణ ఇవ్వండి

ఈ నాలుగు రోజుల్లో విద్యాశాస్త్ర సిద్ధాంతాలు చెప్పవద్దు. మూడు పనులు మాత్రమే చేయించండి.

మొదటిది చూడటం. మొదటి రోజు మీలో ఒకరు ఆరుగురు పిల్లలకు పావుగంట పాఠం చెప్పండి. విద్యార్థులు ఉపాధ్యాయుని కాకుండా, తమకు కేటాయించిన ఒక్క పిల్లనే చూడాలి. ఆ పిల్ల ఎప్పుడు తల ఎత్తింది, ఎప్పుడు పక్కవారి పలక చూసి రాసింది, ఎన్నిసార్లు మాట్లాడింది అన్నవి రాసుకోవాలి. "బాగా విన్నది" వంటి అభిప్రాయాలు రాస్తే, కంటికి కనిపించిన పని మాత్రమే రాయమని తిరిగి ఇచ్చేయండి.

రెండవది సూక్ష్మ బోధన (మైక్రో టీచింగ్), అంటే ఒక్క నైపుణ్యాన్ని చిన్న పాఠంతో సాధన చేయడం. 1960లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఈ పద్ధతి మన బీఈడీ కళాశాలల్లో నేటికీ అమలులో ఉంది. మన దేశంలో వాడుకలో ఉన్న ఆవృత్తి ముప్పై ఆరు నిమిషాలది. ఆరు నిమిషాలు చెప్పడం, ఆరు నిమిషాలు చర్చ, పన్నెండు నిమిషాలు మళ్లీ సిద్ధం కావడం, ఆరు నిమిషాలు తిరిగి చెప్పడం, మరో ఆరు నిమిషాలు చర్చ. ప్రతి విద్యార్థీ రెండు, మూడు రోజుల్లో కనీసం ఒక ఆవృత్తి పూర్తిచేయాలి. తోటి విద్యార్థులు నలుగురు పిల్లలుగా కూర్చుంటారు. ఒక్కో ఆవృత్తికి ఒక్క నైపుణ్యమే పెట్టుకోండి. ప్రశ్న అడగడం, నల్లబల్ల మీద రాయడం, ఉదాహరణ ఇవ్వడం ఈ మూడూ సరిపోతాయి. తిరిగి చెప్పే ఆరు నిమిషాలను సమయం లేదని వదిలేయడం సాధారణంగా జరిగే పొరపాటు. విమర్శ విన్న వెంటనే సరిదిద్దుకొని రెండోసారి చెప్పినప్పుడు కలిగే ధైర్యమే ఈ పద్ధతిలోని ప్రాణం కాబట్టి, కావాలంటే మొదటి చర్చను తగ్గించండి కానీ తిరిగి చెప్పడాన్ని తీసేయవద్దు.

మూడవది ప్రశ్న అడిగాక ఆగడం. ప్రశ్న అడిగిన తరువాత ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారనీ, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల సమాధానాలు పొడవుగా, ఆలోచనతో వస్తాయనీ మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు చూపించారు. విద్యార్థుల చేత మనసులో ఒకటి నుంచి ఐదు వరకు లెక్కపెట్టించండి. ఆ నిశ్శబ్దం మొదట్లో వారికి చాలా ఇబ్బందిగా ఉంటుంది, నాలుగో రోజుకు అలవాటవుతుంది.

నాలుగో రోజున నియమాలు స్పష్టంగా చెప్పండి. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను ప్రకారం పిల్లలను శారీరకంగా శిక్షించడం, మానసికంగా వేధించడం నిషిద్ధం. దెబ్బ ఒక్కటే కాదు, గుంజీళ్లు, గోడకుర్చీ, తొడపాశం, "మొద్దబ్బాయి" అనే పిలుపు, ఇవన్నీ అందులోకే వస్తాయని పేరుపేరునా చెప్పాలి. ఎందుకంటే తాము పడిన శిక్షలనే విద్యార్థులు బోధనలో భాగం అనుకుంటారు. ఏ విద్యార్థీ ఒక పిల్లతో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఎవరి ఫొటోలూ వాట్సాప్‌లో పెట్టకూడదు. ఏ పిల్ల అయినా ఇంట్లో హింస గురించి చెబితే రహస్యంగా దాచకుండా వెంటనే పెద్దలకు చెప్పాలి. బాలల సహాయ నంబరు 1098ని గోడ మీద రాయించండి.

పిలుపు విషయంలో ఒక సలహా. పిల్లలు విద్యార్థులను "సార్", "మేడం" అనకుండా "అన్నా", "అక్కా" అని పిలిచేలా చేయండి. పదిహేనేళ్ల వయసులో సార్ అన్న పిలుపు అధికారాన్ని నేర్పుతుంది. అక్క అన్న పిలుపుతో తప్పు చదవడానికి భయపడని వాతావరణం వస్తుంది.

4. పిల్లల స్థాయిని మొదటి రోజే తెలుసుకోండి

అన్ని మెట్లలో ఇది ముఖ్యమైనది, అందుకే వివరంగా చెబుతున్నాను. ఐదో తరగతి పిల్ల ఐదో తరగతి వాచకం చదవగలదని అనుకొని పాఠం మొదలుపెట్టడం కొత్త ఉపాధ్యాయులు మాత్రమే కాదు, పాతవారు కూడా చేసే పొరపాటు. పిల్లల చదువు, లెక్కల స్థాయిని కొలవడానికి 2005లో మొదలైన అసర్ సర్వేలో వాడే పరీక్ష ఇందుకు చక్కగా సరిపోతుంది. ఇద్దరు స్వచ్ఛంద కార్యకర్తలు ఊళ్లో ఇంటింటికీ వెళ్లి చేయగలిగేంత సరళంగా దాన్ని రూపొందించారు.

చదవడంలో నాలుగు మెట్లు ఉంటాయి: అక్షరాలు, సరళ పదాలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయిలో చిన్న కథ. పరీక్షను పేరాతో మొదలుపెట్టండి. "రాజు చెరువు గట్టు మీద నిలబడ్డాడు. నీళ్లలో చేపలు ఆడుతున్నాయి." ఇటువంటి వాక్యాలు నాలుగు మీరే రాసుకోవచ్చు. పిల్ల దాన్ని విడివిడి పదాలుగా కాకుండా వాక్యంగా, మూడుకు మించని తప్పులతో చదివితే కథ ఇవ్వండి. చదవలేకపోతే పదాలు ఇవ్వండి. ఐదు పదాల్లో నాలుగు సరిగ్గా చదివితే పదాల స్థాయి, లేకపోతే అక్షరాలకు రండి. అక్కడా ఐదింట నాలుగే కొలమానం. అక్షరాలను వరుసలో అడగవద్దు. అ ఆ ఇ ఈ అని పాటలా గడగడా చెప్పే పిల్ల, మధ్యలో 'ఘ' మీద వేలు పెట్టి అడిగితే ఆగిపోవడం మీరు తప్పక చూస్తారు.

లెక్కల్లోనూ నాలుగు మెట్లే: ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలు గుర్తించడం, రెండంకెల సంఖ్యలు గుర్తించడం, అప్పు తెచ్చుకోవలసిన రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఇక్కడ మాత్రం తీసివేతతో మొదలుపెట్టి, చేయగలిగితే భాగహారానికి, చేయలేకపోతే సంఖ్యలకు వెళ్లాలి.

పరీక్షించేటప్పుడు ఒక్కో పిల్లను పక్కకు తీసుకువెళ్లి, మిగిలినవారికి వినిపించనంత దూరంలో కూర్చోబెట్టాలి. విద్యార్థి మధ్యలో అందించకూడదు, "తప్పు" అనకూడదు, ముఖం చిట్లించకూడదు. పిల్ల అన్న మాటను అన్నట్టే నోటుపుస్తకంలో రాయాలి. 'పుస్తకం' అన్నచోట 'పుసకం' అని చదివితే ఆ మాటే రాయాలి. మరుసటి రోజు పాఠం అందులోంచే పుడుతుంది.

5. తరగతిని బట్టి కాక, స్థాయిని బట్టి జట్లు కట్టండి

పదాల స్థాయిలో ఉన్న మూడో తరగతి పిల్లా, అదే స్థాయిలో ఉన్న ఐదో తరగతి పిల్లా ఒకే జట్టులో కూర్చోవాలి. పెద్దపిల్లలకు చిన్నతనం అనిపించకుండా జట్లకు అంకెలు కాకుండా గోదావరి, కృష్ణ, మంజీర వంటి పేర్లు పెట్టండి. అన్నదమ్ములను ఒకే జట్టులో వేయవద్దు.

రెండు గంటల కాలాన్ని ఇలా వాడుకోవచ్చు: ఇరవై నిమిషాలు అందరికీ కలిపి కథ, నలభై ఐదు నిమిషాలు చదవడం, పావుగంట విరామం, ముప్పై ఐదు నిమిషాలు లెక్కలు, చివరి ఐదు నిమిషాలు ఆ రోజు నేర్చుకున్నది ఒక్కొక్కరు ఒక్క వాక్యంలో చెప్పడం. జట్టులోని ఇద్దరు విద్యార్థుల్లో ఒకరు చదవడం చెబుతున్నప్పుడు రెండోవారు వెనుక కూర్చొని చూస్తూ రాస్తారు. లెక్కల సమయంలో పాత్రలు మారతాయి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెడితే మీరు సున్నితంగా ఆపాలి.

6. ఏం చెప్పాలో విద్యార్థులకు మెట్టుమెట్టుగా ఇవ్వండి

అక్షరాల స్థాయి జట్టుకు వర్ణమాల మొత్తాన్ని మొదటి నుంచి చెప్పించవద్దు. ల, వ, త, క, ప అనే ఐదు అక్షరాలతో వల, తల, కల, లత, పలక అనే పదాలు తయారవుతాయి. మొదటి రోజే పదం చదివిన పిల్ల మరుసటి రోజు తానే ముందు వచ్చి కూర్చుంటుంది. రోజుకు రెండు, మూడు అక్షరాలు కలుపుతూ వెళ్లండి.

పదాల స్థాయి జట్టుకు గుణింతాలే అసలు అడ్డంకి. కల, కాలు, కీలు, కూలి వంటి పదాలను పక్కపక్కన పెట్టి, గుర్తు మారితే మాట ఎలా మారుతుందో చూపించాలి. గుడికీ గుడి దీర్ఘానికీ, కొమ్ముకూ కొమ్ము దీర్ఘానికీ తేడాను చూపించేటప్పుడు నోటితో సాగదీసి పలికించడం, చేతితో గాలిలో రాయించడం రెండూ కలిపి చేయించండి. గుణింతం మొత్తాన్ని వరుసగా కంఠస్థం చేయించడం దీనికి బదులు కాదు.

పేరా స్థాయికి వచ్చినవారు ఒత్తుల దగ్గర ఆగుతారు. అమ్మ, అక్క, పువ్వు వంటి ద్విత్వాక్షరాలు ముందు, పుస్తకం, చంద్రుడు వంటి సంయుక్తాక్షరాలు తరువాత చెప్పాలి. కథ స్థాయివారికి అర్థం మీద దృష్టి పెట్టించండి. కథలో నేరుగా లేని ప్రశ్న రోజుకు ఒకటైనా అడగాలి. "కాకి అలా ఎందుకు చేసింది?" అన్న ప్రశ్నకు సమాధానం చెప్పడానికి పిల్ల ఆలోచించాలి, పంక్తి వెతికి చదివితే చాలదు.

లెక్కల్లో ఒక ఉదాహరణ చూడండి. 52 నుంచి 37 తీయమంటే చాలామంది పిల్లలు 25 అని రాస్తారు. ఇది అజాగ్రత్త కాదు. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేశారు, పదుల్లో 5లోంచి 3 తీసేశారు. పిల్లకు ఒక నియమం ఉంది, ఆ నియమం తప్పు. "అప్పు తెచ్చుకోమని ఎన్నిసార్లు చెప్పాలి?" అని గద్దించే విద్యార్థిని అక్కడే ఆపి, పుల్లలు చేతికివ్వండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు పిల్ల ముందు పెట్టి ముప్పై ఏడు పుల్లలు ఇమ్మంటే, విడివి చాలవని పిల్లే చూస్తుంది. ఒక కట్ట విప్పితే పన్నెండు విడి పుల్లలు అవుతాయి. పదిహేను మిగిలాయని తన చేతులతో లెక్కపెట్టాకే కాగితం మీద చేయించాలి. తప్పు వెనుక ఉన్న ఆలోచనను ఒక్కసారి ఇలా కనిపెట్టిన విద్యార్థి ముఖంలో వచ్చే మార్పు గమనించండి. ఉపాధ్యాయ వృత్తికి అసలైన పరిచయం అప్పుడే జరుగుతుంది.

7. రోజూ చర్చ, రోజూ డైరీ

పిల్లలు వెళ్లాక మొదటి పదిహేను నిమిషాలు మౌనంగా రాయించండి. మూడు ప్రశ్నలు చాలు: ఈ రోజు ఏ పిల్ల ఏ విషయంలో ఆగింది, అందుకు కారణం ఏమై ఉంటుంది, రేపు ఏం మార్చి చెబుతావు. మిగిలిన అరగంట జట్లు పరస్పరం వినిపించుకోవాలి. ఈ చర్చలో మీరు తక్కువ మాట్లాడండి. పెద్దలు వరుసగా సలహాలు ఇచ్చే చోట విద్యార్థులు రాయడం మానేసి తలలూపడం మొదలుపెడతారు.

కింద చెప్పిన పొరపాట్లు దాదాపు ప్రతి జట్టులోనూ కనిపిస్తాయి కాబట్టి మొదటి వారంలోనే వీటిని పట్టుకోండి.

"అర్థమైందా?" అని అడగడం, "అర్థమైంది" అని అందరూ ఒక్క గొంతుతో అనగానే ముందుకు వెళ్లడం మొదటిది. ఆ ప్రశ్నను పూర్తిగా నిషేధించి, దాని బదులు "నువ్వు చేసి చూపించు" అనిపించండి. అందరి చేత ఒకేసారి గట్టిగా చదివించడం రెండవది. ఆ హోరులో చదవలేని పిల్ల పెదవులు మాత్రమే కదుపుతుంది. కలిసి చదివించినా, ఆ తరువాత ఒక్కొక్కరి చేత ఒక్క వాక్యమైనా విడిగా చదివించాలి. నల్లబల్ల మీద సమాధానం రాసి ఎక్కించుకోమనడం, చురుకైన ఒకే పిల్లను పదే పదే లేపడం, నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడటం కూడా తరచుగా కనిపిస్తాయి. వెనుక కూర్చున్న విద్యార్థి ఎవరిని ఎన్నిసార్లు అడిగారో గీతలు పెట్టి లెక్క చూపిస్తే, చెప్పేవారు మరుసటి రోజే మారతారు.

8. వృత్తి గురించి నిజాలు చెప్పండి

వారానికి ఒక రోజు చర్చ సమయాన్ని దీనికి కేటాయించండి. అంగన్‌వాడీ కార్యకర్త, సెకండరీ గ్రేడ్ టీచరు, స్కూల్ అసిస్టెంటు, వ్యాయామ ఉపాధ్యాయులు, ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు చెప్పేవారు, ప్రైవేటు పాఠశాలలో పనిచేసేవారు, వీరిలో ముగ్గురినైనా పిలవండి. ఉపన్యాసం ఇవ్వమని కాకుండా, నిన్న ఉదయం నుంచి రాత్రి వరకు ఏం పనులు చేశారో చెప్పమని అడగండి. మధ్యాహ్న భోజనం పర్యవేక్షణ, యాప్‌లలో నమోదు, దిద్దవలసిన నోటుపుస్తకాలు అన్నీ అందులో రావాలి. జీతం గురించి విద్యార్థులు అడిగితే ఆపవద్దు.

చదువు మార్గాలు ఇవి. ఇంటర్ తరువాత డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల డీఈఎల్‌ఈడీ (ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ) పూర్తిచేస్తే ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు) పోస్టుకు అర్హత వస్తుంది. డిగ్రీ తరువాత ఎడ్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా రెండేళ్ల బీఈడీ చేస్తే, పై తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంటు మార్గం. బీఈడీ ఉంటే ప్రాథమిక తరగతులకూ అర్హత ఉంటుందని ఇంకా కొందరు చెబుతుంటారు. ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, కనుక ఆ సమాచారాన్ని సరిదిద్దండి. ఇంటర్ తరువాత నేరుగా నాలుగేళ్ల సమీకృత ఉపాధ్యాయ విద్యలో చేరే మార్గం కూడా ఉంది. జాతీయ పరీక్షల సంస్థ నిర్వహించే ఎన్‌సీఈటీ ద్వారా అందులో ప్రవేశాలు జరుగుతాయి. దక్షిణాది రాష్ట్రాల కోసం మైసూరులో ఉన్న ప్రాంతీయ విద్యా సంస్థ గురించి కూడా చెప్పండి.

ఈ చదువుల తరువాత టెట్ అనే ఉపాధ్యాయ అర్హత పరీక్ష ఉంటుంది. అది 150 మార్కుల పరీక్ష. ఇతరులకు 60 శాతం, బీసీలకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు రావాలి. ఆ తరువాత డీఎస్సీ, అంటే ప్రభుత్వ ఉపాధ్యాయ నియామక పరీక్ష. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 పోస్టులకు డీఎస్సీ జరిగింది. అయితే అంతకుముందటి డీఎస్సీలు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2018లో వచ్చాయన్న సంగతిని కూడా అదే గొంతుతో చెప్పాలి. ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి రావచ్చని తెలిసి కూడా ఈ దారిని ఎంచుకునే విద్యార్థికి మన మాట మీద నమ్మకం ఉంటుంది. అర్హతల నియమాలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్‌ను ఇంటర్నెట్‌లో వెతికి చదవడం విద్యార్థుల చేతే చేయించండి.

9. ఫలితాన్ని సరిచూసుకోండి

చివరి రెండు రోజుల్లో పిల్లలను మళ్లీ పరీక్షించండి. మొదటి రోజు వాడిన పేరాలు, కథలు వాడకూడదు, అదే స్థాయిలో కొత్తవి రాసుకోవాలి. ఒక జట్టు పిల్లలను మరో జట్టు విద్యార్థులు పరీక్షించాలి. తన పిల్లలు నెగ్గాలన్న ప్రేమతో చెప్పినవారు తెలియకుండానే పెదవులతో అందిస్తారు. పరీక్ష పత్రంతో పాటు ఒక వార్తాపత్రిక శీర్షికో, బస్సు బోర్డు మీది ఊరి పేరో చూపించి చదివించండి. అక్కడా చదవగలిగితే ఆ పిల్లకు నిజంగా వచ్చినట్టే.

మూడు వారాల్లో ఒక్క మెట్టు పైకి వచ్చినా చాలా మంచి ఫలితమని భావించాలి. కొందరు పిల్లలు ఉన్నచోటే ఉండిపోతారు. హాజరు పట్టిక, విద్యార్థుల డైరీ పక్కపక్కన పెట్టి చూస్తే కారణం సగం తెలుస్తుంది. చూపు, వినికిడి సమస్య ఉందేమోనన్న అనుమానం వస్తే తల్లిదండ్రులకు చెప్పి ప్రభుత్వ ఆసుపత్రికి పంపించండి.

విద్యార్థుల విషయంలో ఫలితం చూసే పద్ధతి వేరు. ప్రతి ఒక్కరి చేత తన జట్టులోని ఒక పిల్ల గురించి ఒక పేజీ రాయించండి: మొదటి రోజు ఆ పిల్లకు ఏం వచ్చు, ఏం రాదు, ఏం ప్రయత్నించావు, ఏది పనిచేయలేదు, ఇప్పుడు ఏం వచ్చు. ఆ పేజీలో నిర్దిష్టమైన అక్షరాలు, లెక్కలు, మాటలు ఉంటే ఆ విద్యార్థికి బోధన పరిచయమైనట్టు. "పిల్లలు చాలా ఆనందించారు, నాకు చాలా సంతోషం కలిగింది" అని మాత్రమే ఉంటే, మీరు కూర్చొని నోటుపుస్తకం తెరిపించి మరోసారి మాట్లాడాలి.

తరువాత ప్రతి విద్యార్థితోనూ విడిగా పది నిమిషాలు మాట్లాడి, ఈ వృత్తి తనకు సరిపోతుందనిపిస్తోందా అని అడగండి. వద్దనిపిస్తోందన్న సమాధానాన్ని కూడా గౌరవంతో వినండి, ఒప్పించే ప్రయత్నం చేయవద్దు. పదహారేళ్ల వయసులో మూడు వారాలు పనిచేసి తెలుసుకున్న ఆ సమాధానం, బీఈడీలో చేరాక తెలుసుకోవడం కంటే ఎంతో మేలు. ధ్రువపత్రంలో కూడా "ఉత్తమ ఉపాధ్యాయ" వంటి బిరుదులు లేకుండా ఎన్ని రోజులు, ఏ స్థాయి పిల్లలకు, ఏ విషయం చెప్పారో మాత్రమే రాయండి.

మార్పులు చేసుకోవలసి వస్తే

అనుభవం ఉన్న పెద్దవారు ఒక్కరే దొరికితే ఆరుగురు విద్యార్థులు, పద్దెనిమిది మంది పిల్లలతో నడపండి. నగరంలో అపార్టుమెంటు హాలులో చేస్తే అక్కడి పనివారి పిల్లలను, వాచ్‌మన్ పిల్లలను కూడా తప్పకుండా పిలవండి. తెలుగు మాధ్యమంలో చదవని పిల్లలు ఉంటే చదవడం ఆంగ్లంలో చెప్పినా పద్ధతి మారదు. విదేశాల్లో వారాంతపు తెలుగు బడులు నడిపేవారు ఇదే స్థాయి పరీక్షను, గుణింతాల క్రమాన్ని అక్కడి హైస్కూలు పిల్లల చేత చేయించవచ్చు. అక్కడ పిల్లలకు మాటే కొత్త కాబట్టి బొమ్మ చూపి పదం పలికించడం ముందు జరగాలి.

జూన్ 12న బడులు తెరిచాక మొదటి వారంలో, పిల్లలవారీగా రాసిన స్థాయి వివరాలను విద్యార్థులే స్వయంగా తీసుకువెళ్లి ఆయా తరగతి ఉపాధ్యాయులకు ఇచ్చేలా ఏర్పాటు చేయండి. కాగితం ఇచ్చి వచ్చేయకుండా, ఏ పిల్ల ఏ ఒత్తు దగ్గర ఆగుతోందో, తీసివేతలో ఏ నియమం తప్పుగా పట్టుకుందో ఐదు నిమిషాలు కూర్చొని నోటితో చెప్పాలి. ఆ ఉపాధ్యాయుడు అడిగే ప్రశ్నలను కూడా విద్యార్థి తన నోటుపుస్తకంలో రాసుకొని రావాలి.